ఇరవై రెండు మూరల తాడు

మధ్యాహ్నం రెండుంపావుకి ఇన్‌స్పెక్టర్ ఒక గుణకారాన్ని తప్పు లేకుండా చేశాడు. ఆ సంతోషం ఆయన మొహంలో దాగలేదు. కాగితాన్ని బల్ల మీద అటువైపు తిప్పి వేలితో తట్టాడు.

“చూసుకోండి గొలుసు గారూ. ఇరవై రెండు ఇంటూ పంతొమ్మిది ముప్పావు. నాలుగు వందల ముప్పై నాలుగున్నర అంగుళాలు. తాడు విప్పి కొలిస్తే ఎంతొచ్చింది? నాలుగు వందల ముప్పై నాలుగు. ఆ అర అంగుళం మీకు వదిలేస్తున్నాను, పట్టుకెళ్ళండి.”

ఎదురుగా కూర్చున్న మనిషి కాగితం ముట్టుకోలేదు. ఆయన ప్రైవేటు డిటెక్టివ్. అంతకుముందు పాతికేళ్ళు సర్వే శాఖలో పొలాల మీద కొలత గొలుసు లాగాడు. ఉద్యోగం వదిలినా గొలుసు మాత్రం ఆయన్ని వదల్లేదు, ఊరంతా గొలుసాయనే అంటారు. ఎవరు చెప్పిన కొలతనైనా తను మళ్ళీ కొలుచుకుంటే తప్ప నమ్మకపోవడం ఆ ఉద్యోగం అంటించిన జబ్బు. ఇప్పుడది మనుషుల మాటల దాకా ముదిరింది.

“పంతొమ్మిది ముప్పావు ఎక్కడిది?” అన్నాడు.

“ఇదిగో, ఈయన మూర.” ఇన్‌స్పెక్టర్ గడ్డంతో మూల బెంచీ వైపు చూపించాడు. “మోచేతి నుంచి నడివేలి కొస దాకా నేనే టేపు పెట్టి కొలిచాను. లోకానికి మూరంటే పద్దెనిమిది అంగుళాలు, రెండు మూరలు గజం. ఈయనది ఒకటి ముప్పావు ఎక్కువ. ఒక్క మూరకైతే ఎవరి కంటికీ ఆనదు. ఇరవై రెండు మూరలయ్యేసరికి గజానికి పైనే పెరిగింది. ఆ గజం ఒక మనిషిని మింగింది.”

బెంచీ మీద కూర్చున్న మనిషికి అరవై ఉంటాయి. తాళ్ళు పేనే కొట్టు ఆయనది. నిలబడితే చేతులు మోకాళ్ళ దాకా వస్తాయి, అందుకే బారెడాయన అని పేరు పడింది. ఆ పేరు ఆయనకి బేరం కూడా తెచ్చిపెట్టింది. తెలిసిన వాళ్ళు కొట్టుకొచ్చి “మీ మూరతో పది మూరలివ్వండి” అని అడిగి, మామూలు మూర కన్నా రెండు వేళ్ళు ఎక్కువ దక్కిందని మురిసిపోతారు. ఆయన నవ్వి ఇచ్చేవాడు. ఇప్పుడు నవ్వడం లేదు.

జరిగింది ఇదీ. మొన్న సాయంత్రం ఏడూ ఇరవై అయిదుకి నాటకశాలలో రెండో అంకం నడుస్తోంది. రాజు వేషం కట్టిన పెద్ద నటుడు వేదిక మధ్య సున్నపు గుర్తు మీద నిలబడి, పైకి చేతులెత్తి పిలిచాడు. పైనుంచి చెక్క మబ్బు దిగాలి. నలుగురు పడితే గానీ లేవని బరువు దానిది. గిలక మీదుగా తాడు జారుతుంటే దడదడా దిగి, తాడు అయిపోయిన చోట, నటుడి తలకి రెండడుగుల పైన ఆగిపోతుంది. ఏడేళ్ళుగా అలాగే ఆగుతోంది. మొన్న ఇంకో గజం కిందికి దిగి ఆగింది. జనం అలవాటుగా చప్పట్లు కొట్టారు, సంగతి వాళ్ళకి తర్వాత తెలిసింది.

ఆ రోజే తాడు మార్చారు. మేనేజరు ఇచ్చిన చీటీలో ఇరవై రెండు మూరలని ఉంది. అంటే పదకొండు గజాలు. మబ్బుకి కట్టిన తాడు పన్నెండు గజాల రెండంగుళాలుంది.

“కోపం కూడా ఉంది,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “ఆ నాటకంలో ఈయన కూతురు వేషం వేస్తుంది. పది రోజుల కింద నటుడు ఆ పిల్ల మాటలన్నీ కోసేసి, వెనక నిలబడి విసనకర్ర వీచే పని ఇచ్చాడు. తండ్రికి మండింది. మనిషి ఒప్పుకున్నాడు కూడా. అయిదింటికి మేజిస్ట్రేటు ముందు నిలబెడతాను. మీకెందుకండీ ఈ శ్రమ?”

“అడిగి వెళ్ళిపోతాను. అయిదు నిమిషాలు.”

గొలుసాయన బెంచీ దగ్గరికి కుర్చీ జరుపుకున్నాడు.

“తాడు ఎవరు కొలిచారు పెద్దాయనా?”

“నేనే.”

“ఎప్పుడు?”

“మొన్న పొద్దున.”

“దేంతో?”

“చేత్తో.”

జవాబులు ప్రశ్న పూర్తయ్యే లోపే వస్తున్నాయి. నిజం చెప్పేవాడు కాస్త గుర్తు చేసుకుంటాడు, తడుముకుంటాడు. ఈయన తడుముకోవడం లేదు. గొలుసాయనకి అక్కడే మొదటి అనుమానం తగిలింది.

“నేను మీ కొట్లో తాడు కొన్నాను, గుర్తుందా? మీ బల్ల మీద గజం ఎడంగా రెండు మేకులున్నాయి. ఆ మేకు నుంచి ఈ మేకుకి లాగి కోశారు. మీ మూర కావాలని అడిగిన వాళ్ళకే చెయ్యి చాస్తారు. నాటకశాలకి చెయ్యెందుకు చాచారు?”

“మొన్న అలా కొలవాలనిపించింది.”

“ఏ చెయ్యి?”

“కుడి.”

కుడి అరచేతికి గుడ్డ కట్టి ఉంది. “ఈ దెబ్బ ఎప్పటిది?”

“నిన్న తగిలింది.”

కట్టు అంచులు నల్లబడి, ముడి గట్టిపడిపోయి ఉంది. అది నిన్నటి కట్టయితే గొలుసాయన ఇంతకాలం కొలిచిన పొలాలన్నీ తప్పే. వేళ్ళు ముడవలేని చేత్తో ఇరవై రెండు సార్లు తాడు పట్టి లాగడం ఎవరి తరమూ కాదు. ఈ మనిషి ఎవరికో అడ్డం నిలబడ్డాడు. తన ఉరితాడు కూడా తనే కొలిచి ఇచ్చేలా ఉన్నాడు.

“అయిదు నిమిషాలయ్యాయి,” అన్నాడు ఇన్‌స్పెక్టర్ గడియారం చూపిస్తూ.

*

బయట మెట్ల మీద బారెడాయన కూతురు నిలబడి ఉంది. ఇరవై మూడేళ్ళ పిల్ల, తండ్రి పొడుగు రాలేదు, చూపులో మొండితనం మాత్రం వచ్చింది. నిన్న గొలుసాయన ఇంటికొచ్చి కేసు ఒప్పజెప్పింది ఆ అమ్మాయే.

“ఒప్పుకున్నాడా సార్ నాన్న?”

“ఒప్పుకోవడమేమిటి, ఇవతలి వాళ్ళు అడగకముందే చెబుతున్నాడు.”

“అది నాన్న చెయ్యి కాదు సార్. ఆ ఒక్కటీ నిరూపించండి. నాకింకేం వద్దు.”

నిన్న కూడా అదే మాటంది. తండ్రి అరెస్టయిన పిల్లలు మామూలుగా మా నాన్న మంచివాడంటారు, చీమకి కూడా హాని చెయ్యడంటారు. అసలు ఎవరు చేశారో పట్టుకోమంటారు. ఈ పిల్ల ఆ మాట ఒక్కసారీ అడగలేదు. చెయ్యి కాదంటుంది, అక్కడితో ఆగుతుంది. గొలుసాయన ఆ సంగతి మనసులో ఒక పక్కన పెట్టుకున్నాడు.

“అయిదులోగా మీ నాన్నని బయటికి తెస్తాను, పద,” అన్నాడు. అన్న తర్వాత ఆ మాట ఎందుకిచ్చానా అనుకున్నాడు.

మూడింటికి నాటకశాల చేరారు. మేనేజరు గుమ్మంలోనే ఎదురొచ్చాడు. మడత నలగని చొక్కా, నడుముకి తాళంచెవుల గుత్తి, మాటకి ముందూ వెనకా సార్. హాల్లో దీపాలన్నీ వేయించాడు, కుర్చీ వేయించాడు, చెమట తుడుచుకోమని తువ్వాలు కూడా తెప్పించాడు. గొలుసాయనకి అంత మర్యాద గిట్టదు. పొలం సరిహద్దు జరుపుకున్న రైతులే ఆయనకి ఎప్పుడూ మంచి కుర్చీ వేసేవాళ్ళు.

తాడు వేదిక మీదే కానిస్టేబుల్ కాపలాలో ఉంది. ఆయన దాన్ని ఈ చివర నుంచి ఆ చివరికి లాగించి, మోకాళ్ళ మీద కూర్చుని కళ్ళజోడు సవరించుకున్నాడు. అడుగడుగూ పాకుతూ చూశాడు. గుబురుగా ఉన్న నార మీద ఒక చోట చిన్న మరక కనిపించింది. లేత ఎరుపు, వేలికి జిడ్డుగా తగిలింది. కొంచెం దూరాన ఇంకోటి. టేపు తీసి పెట్టాడు. ముప్పై ఒక్క అంగుళాలు. దాని తర్వాతిది మళ్ళీ ముప్పై ఒకటి. చివరిదాకా వెళ్ళేసరికి పదమూడు మరకలు లెక్క తేలాయి. అంటే పద్నాలుగు కొలతలు. పద్నాలుగు ముప్పై ఒకట్లు నాలుగు వందల ముప్పై నాలుగు.

ఇన్‌స్పెక్టరు లెక్కకీ ఈ లెక్కకీ జవాబు ఒక్కటే. రెండు వేర్వేరు దారులు ఒకే గుమ్మం ముందు ఆగితే గొలుసాయన దాన్ని కాకతాళీయం అనుకోడు.

“తాళ్ళవాళ్ళు పెట్టుకునే గుర్తులై ఉంటాయి సార్,” అన్నాడు వెనక నుంచి మేనేజరు.

“ఉంటాయి,” అన్నాడు గొలుసాయన. ముప్పై ఒకటి మూర కాదు. గజమూ కాదు. బారెడాయన చేతిలో ఎక్కడా పట్టదు. తాడు కొస పైకెత్తి వాసన చూశాడు. మొహానికి పూసుకునే రంగు వాసన. వాసన చూడ్డానికి ముక్కు దాకా తెచ్చిన కొసని అలాగే పట్టుకుని, రెండో చెయ్యి పక్కకి చాచాడు. అప్పుడు తెలిసింది. బట్టల కొట్టు వాళ్ళు గజం బద్ద దగ్గర లేనప్పుడు ఇలాగే కొలుస్తారు, ముక్కు కొస నుంచి చాచిన చేతి కొస దాకా. ముక్కు తగిలిన ప్రతి చోటా మొహం రంగు అంటుకుంది.

ఆయన ఆ సంగతి పైకి అనలేదు. “మబ్బు తాడు మార్చినప్పుడు పరీక్ష చేసే పద్ధతి ఉందా?”

“తప్పకుండా సార్. ఒకసారి వదిలి చూడందే ఆట మొదలుపెట్టనివ్వను.” మేనేజరు పుస్తకం తెచ్చి పేజీ తీశాడు. ముత్యాల్లాంటి అక్షరాలు. మబ్బు తాడు మార్చాం, వదిలి చూశాం, సరిపోయింది, మధ్యాహ్నం మూడున్నర. కింద సంతకం.

“తాడు ఎవరు తెచ్చారు?”

“చూడలేదు సార్. మూడింటికి గుమ్మం దగ్గర చుట్ట కనిపించింది, కోసి సిద్ధంగా ఉంది. నేనే పైకెక్కి కట్టాను.”

“పరీక్షలో ఎంత ఎత్తున ఆగింది?”

“ఎనిమిదడుగులు.”

“సాయంత్రానికి అయిదడుగుల లోపుకి దిగింది.”

మేనేజరు తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. “కొత్త తాడు కదా సార్. బరువుకి సాగుతుంది.”

“నాలుగు గంటల్లో గజం సాగితే అది తాడు కాదు, రబ్బరు,” అన్నాడు గొలుసాయన. బారెడాయన కూతురు కోసం చుట్టూ చూశాడు. ఆ అమ్మాయి తాడు దగ్గరికి రాలేదు. గోడవారగా నిలబడి, ఆయన టేపునే చూస్తోంది.

*

దుస్తుల గదిలో దర్జీ అక్క రాజు వేషం కోటు ఇస్త్రీ చేస్తోంది, చచ్చిపోయిన నటుడిది. అక్క అని అందరూ పిలుస్తారు గానీ యాభై దాటిన మనిషి. మెడలో టేపు, పంటి కింద గుండుసూది.

“రేపు ఇంకొకరు తొడుక్కోవాలి కదండీ,” అంది ఆయన చూపు పసిగట్టి.

“మొహం రంగులు ఎవరి దగ్గరుంటాయమ్మా?”

“నా దగ్గరే. ఈ పెట్టెలో. నాలుగు కొట్టకముందు తాళం తియ్యను. ముందే తీస్తే రంగులు పూసుకుని ఊరంతా తిరుగుతారు ఈ పిల్లలు.”

“మొన్న కూడా నాలుగింటికేనా?”

“నేను చేరిన నాటి నుంచీ నాలుగే.”

గొలుసాయన అది గట్టిగా రాసుకున్నాడు. తర్వాత తేలిగ్గా అడిగాడు. “టేపు లేకుండా పన్నెండు గజాలు కొలవాలంటే ఎలా కొలుస్తారు మీరు?”

“ముక్కు నుంచి. నా చెయ్యి ముప్పై మూడు అంగుళాలు. పదమూడు సార్లు కొలిచి, పైన బెత్తెడు వేస్తే సరిగ్గా పన్నెండు గజాలు.” ఆమె కోటు మీద నుంచి తల కూడా ఎత్తలేదు. పెట్టె అడుగున ఎప్పుడో పెట్టిన వస్తువు తీసినట్టు లెక్క తీసి ఇచ్చింది. పదమూడు ముప్పై మూళ్ళు నాలుగు వందల ఇరవై తొమ్మిది, బెత్తెడు మూడంగుళాలు. గొలుసాయన మనసులో కూడి చూసుకున్నాడు. వెంట్రుకవాసి తేడా లేదు.

“చెయ్యి ఇంకా పొట్టిదైతే? ముప్పై ఒకటైతే?”

“పద్నాలుగు,” అంది. అన్నాక ఇస్త్రీ పెట్టె కదలడం ఆగిపోయింది.

“ముప్పై ఒకటి ఎవరి చెయ్యమ్మా?”

“నాకేం తెలుసు?”

“కోటు కాలుతోంది.”

ఆమె ఉలిక్కిపడి పెట్టె పైకి లేపింది. గొలుసాయన తొందరపెట్టలేదు. అబద్ధం అలవాటు లేని మనిషిని తొందరపెడితే నోరు మూసుకుంటుందని ఆయనకి తెలుసు.

“ఇక్కడ ముక్కు కొలత మీరెవరికి నేర్పారు?”

“నేర్పడం తప్పా?” ఆమె ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టింది. “వేషం లేని రోజుల్లో నా దగ్గర కూర్చుని కుట్టేది. తల్లి లేని పిల్ల, చేతిలో ఏదో ఒక పనుంటే మంచిదని నేర్పాను. దాని చెయ్యి గజానికి అయిదంగుళాలు తక్కువ, ఎన్నిసార్లు కొలిస్తే ఎన్ని గజాలో నేనే బట్టీ పట్టించాను. అది అలాంటి పిల్ల కాదండీ. అసలు ఆ నటుడు పోతే బాగుపడేది అది కాదు. వచ్చే నెల నుంచి ఈ హాలు పెత్తనం ఆ నటుడికే ఇవ్వబోతున్నారని అందరికీ తెలుసు.”

“ఇప్పుడు పెత్తనం ఎవరిది?”

“మేనేజరుది. ఇంకెవరిది?”

గుమ్మంలో నీడ పడింది. బారెడాయన కూతురు ఎప్పటినుంచి అక్కడుందో తెలీదు. ఈ పిల్ల తన గొయ్యి గొలుసాయన చేతనే తవ్వించుకుంది. నాన్న చెయ్యి కాదని నిరూపించడం ఇప్పుడు ఎంతసేపు? రెండు నిమిషాల పని. ఆ తర్వాత ఎవరి చెయ్యని అడగకుండా ఇన్‌స్పెక్టర్ ఊరుకుంటాడా?

*

నాలుగూ పదికి జీపు వచ్చింది. మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్ళే దారిలో ముద్దాయి చేత జరిగిన చోటు చూపించాలని ఇన్‌స్పెక్టర్ బారెడాయనని తీసుకొచ్చాడు. చేతులకి బేడీలున్నాయి, ఆ పొడుగు చేతులకి అవి గాజుల్లా వేలాడుతున్నాయి.

“ఇంకా ఇక్కడే ఉన్నారా?” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “ఏం దొరికింది మీ గొలుసుకి?”

“మీ గుణకారం సరైంది. మనిషే తప్పు.”

“ఒప్పుకున్న మనిషి తప్పెలా అవుతాడు?”

“ఒప్పుకోవడానికి చెయ్యి అక్కర్లేదు, నోరు చాలు. ఇలా రండి.” గొలుసాయన టేపు పరిచి మరకలు ఒక్కొక్కటీ చూపించాడు. ఇన్‌స్పెక్టర్ మొదట నిలబడి చూశాడు, తర్వాత వంగాడు, చివరికి ఇస్త్రీ ప్యాంటుతోనే మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పదమూడో మరక దగ్గర లేచాడు. తెలివితక్కువ వాడేం కాదు, తొందర మనిషి.

“రంగు పూసుకున్న మొహం. ముప్పై ఒక్క అంగుళాల చెయ్యి. సరే, ఒప్పుకుంటాను. ఎవరిదది?”

గొలుసాయన టేపు చుట్టుకోవడం మొదలుపెట్టాడు. జీవితంలో మొదటిసారి కొలత చెప్పడానికి నోరు రాలేదు.

“తెలుసు మీకు. దాస్తున్నారు. ఇది మీ పొలం కాదండీ, గట్టు జరిపి సర్దుకోడానికి.”

“నాది,” అంది వెనక నుంచి బారెడాయన కూతురు.

“లోపలికెళ్ళు నువ్వు,” అన్నాడు బారెడాయన. రెండు రోజుల్లో ఆయన గొంతు పెంచింది అప్పుడే. “దానికేం తెలీదయ్యా. నేనే కొలిచాను, నేనే కోశాను. రాసుకోండి.”

ఆ అమ్మాయి ముందుకొచ్చి తాడు కొస తీసుకుంది. ముక్కుకి ఆనించి చెయ్యి చాచింది. వేళ్ళు సరిగ్గా మొదటి మరక మీద పడ్డాయి. టేపు పెట్టాల్సిన పని లేకపోయింది.

“నాన్న చెయ్యి కోసుకుపోయి వారమైంది,” అంది. “పెద్ద చుట్ట నాకిచ్చి, చీటీలో ఉన్నంత అక్కడే కోసి ఇవ్వమన్నాడు. నేను వచ్చేసరికి ఆలస్యమైంది. ముందు మొహానికి రంగు వేయించుకుని, నాలుగుంపావుకి ఇక్కడే ఈ వేదిక మీద కొలిచి కోశాను. టేపు అక్క మెడలో ఉంది, అక్క వేరే వాళ్ళ జాకెట్టు బిగిస్తోంది. అందుకని ముక్కుతో కొలిచాను.”

ఇన్‌స్పెక్టర్ కానిస్టేబుల్‌కి సైగ చేశాడు. “థాంక్సండీ గొలుసు గారూ. మీరు లేకపోతే తప్పు మనిషిని తీసుకెళ్ళేవాణ్ణి. నటుడు మాటలు కోసేసింది ఈ అమ్మాయివే కదా. తండ్రి కన్నా దీనికే కోపం ఎక్కువుంటుంది.”

“ఒక్క ప్రశ్న,” అన్నాడు గొలుసాయన. “చీటీలో ఉన్నది పదకొండు గజాలు. నీ చేతికి పదమూడు కొలతలు కూడా పూర్తిగా పట్టవు. పద్నాలుగెందుకు కొలిచావు?”

“చీటీలో పదకొండు గజాలని లేదు సార్. ఇరవై రెండు మూరలని ఉంది. అది నాన్న మూర. నాన్న మూరలు ఇరవై రెండంటే పన్నెండు గజాలు. మా ఇంట్లో లెక్కంతా అదే. పన్నెండు గజాలంటే నాకు పద్నాలుగు.”

అప్పుడు గొలుసాయనకి రెండు దారులూ ఒకే గుమ్మానికి ఎందుకొచ్చాయో అర్థమైంది. ఇన్‌స్పెక్టర్ కాగితం మీద చేసిన గుణకారాన్నే ఈ పిల్ల రంగు మొహంతో తాడు మీద చేసింది.

“నాన్న మూరేనని నువ్వెందుకనుకున్నావు?”

“అనుకోలేదు సార్. అడిగాను. కోసే ముందు చీటీ చూపించి, ఇది మామూలు మూరా, నాన్న మూరా అని అడిగాను. మీ నాన్న మూరేనమ్మా అన్నారు.”

“ఎవరు?”

ఆమె మేనేజరు వైపు చూసింది. అందరూ అటే చూశారు.

“నేనా?” మేనేజరు మొహంలో రేఖ కదల్లేదు. “నేను ఆ రోజు ఈ అమ్మాయితో మాట్లాడనే లేదు సార్. పాపం, భయంలో ఏదో అంటోంది. మూడింటికి కోసిన తాడు గుమ్మంలో ఉంది, కట్టాను, మూడున్నరకి పరీక్షించాను. పుస్తకం మీరే చూశారు.”

ఇన్‌స్పెక్టర్ భుజాలెగరేశాడు. “దీని మాటకీ ఆయన మాటకీ మధ్య సాక్షి లేదు. ఆయన దగ్గర పుస్తకముంది.”

“సాక్షి తాడే,” అన్నాడు గొలుసాయన. “దాని మీద మొహం రంగుంది. రంగు పెట్టె నాలుగింటికి గానీ తెరవరు. దర్జీ అక్కని అడగండి. నాలుగింటికి ముందు ఈ తాడు కొలవడం జరగని పని. మరి ఇంకా కోయని తాడుని మేనేజరు గారు మూడున్నరకి ఎలా పరీక్షించారు?”

మేనేజరు చేతులు జోడించాడు.

“సరే సార్. చూడకుండా సంతకం పెట్టాను. అందరు మేనేజర్లూ చేసే పనే. ఆట వేళకి తీరిక లేక ఏదో రాసేశాను. నిర్లక్ష్యమే, కాదనను. నా ఉద్యోగం పోతుంది. అంతకు మించి ఏముంది ఇందులో? ఏ మూరో అని ఈ పిల్ల అడిగితే, అడిగిందేమో, హడావుడిలో అవుననే అనుంటాను. పొరపాటుకి ఉరి వెయ్యరు కదా.”

బాగా ఆలోచించి ఇచ్చిన జవాబది. గొలుసాయనకి ఒళ్ళు మండింది, కానీ ఎక్కడ పట్టుకోవాలో తెలీలేదు. ఇన్‌స్పెక్టర్ కూడా గడ్డం గోక్కుంటూ నిలబడ్డాడు. గడియారం నాలుగున్నర చూపిస్తోంది. నిర్లక్ష్యం మేనేజరుదైతే తాడు ఇంకా ఈ పిల్లదే, ఆ తాడు పట్టిన చెయ్యి ఈ పిల్లదే.

“అడిగిందా?” అన్నాడు బారెడాయన.

ఆయన అడిగింది మేనేజరుని. కాళ్ళీడ్చుకుంటూ అతని ముందుకొచ్చాడు.

“నా పిల్ల నిన్ను అడిగిందా బాబూ? ఏ మూరో అని అడిగి కోసిందా?”

“అడిగిందేమోనన్నాను.”

బారెడాయన ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగాడు. ఇంతసేపూ ఆయన మాటలో ఉన్న ఆ తొందర పోయింది. నిదానంగా, గుర్తు చేసుకుంటూ చెప్పాడు.

“నా కొట్లో ఇనపతీగకి చీటీలు గుచ్చి ఉంటాయండి. ఏడేళ్ళ నుంచి ఈయన రాసినవి పాతిక దాకా ఉన్నాయి. తెర తాళ్ళు, దీపాల తాళ్ళు, మబ్బు తాళ్ళు. అన్నీ గజాల్లోనే. మబ్బు తాడు ఇదివరకు రెండుసార్లు ఇచ్చాను, రెండుసార్లూ పదకొండు గజాలనే రాశాడు. మూర అన్న మాట ఈయన రాయడం ఇదే మొదలు. చీటీ వచ్చిన రోజే నాకు వింతగా తోచింది. ఎప్పుడూ గజం కొలతే కదా, రెండు మూరలకో గజం వేసుకుంటుందిలే అనుకుని దాని చేతికిచ్చాను.”

గొలుసాయన మేనేజరు వైపు చూశాడు. “ఏడేళ్ళు గజాలు రాసిన చెయ్యి, పెత్తనం పోబోయే ముందు మూరలు ఎందుకు రాసింది? వాళ్ళింట్లో మూరంటే ఎవరి మూరో ఊరందరికీ తెలుసు. తాడు పొరపాటున సరిగ్గా వస్తే మీకు పోయేదేమీ లేదు. ఎక్కువొస్తే ఆ పాపం తాళ్ళాయన మీద పడుతుంది. ఆ పిల్ల అడగకపోతే మీరు నోరు కూడా విప్పాల్సిన పని లేదు. అడిగింది కాబట్టి ఒక్క మాట చెప్పాల్సి వచ్చింది.”

మేనేజరు నడుముకున్న తాళంచెవుల గుత్తి మీద చెయ్యి వేశాడు, తీశాడు. ఇన్‌స్పెక్టర్ కానిస్టేబుల్‌ని బారెడాయన కొట్టుకి పరిగెత్తించి, చీటీల తీగ మొత్తం ఊడదీసి తెమ్మన్నాడు. తర్వాత తనే బారెడాయన బేడీలు విప్పి మేనేజరు చేతులకి వేశాడు. గొలుసాయనతో ఒక్క మాట అనలేదు. అనకపోవడమే ఆయన క్షమాపణ.

“ఇంత సంగతి ముందే చెప్పొచ్చు కదయ్యా,” అన్నాడు బారెడాయనతో. “రెండు రోజుల నుంచి తల బాదుకుంటున్నాను. గజాలని, మూరలని ఒక్క మాట అంటే ఎప్పుడో ఇంటికి పంపేవాణ్ణి.”

బారెడాయన మణికట్టు రుద్దుకున్నాడు. కూతురు తండ్రి మొహంలోకి చూసింది. చాలాసేపు చూసింది. ఇన్‌స్పెక్టర్ మామూలుగా అడిగిన ప్రశ్నకి జవాబు ఆమెకి అక్కడ దొరికినట్టుంది.

“మూరల సంగతి తెలిసి కూడా నువ్వెందుకు చెప్పలేదు నాన్నా?”

ఆయన చేతి కట్టు ముడి తడుముకున్నాడు.

“తాడు నేనే కావాలని పొడుగు కోశాననుకున్నావా?”

“ఒక రాత్రి కంచం ముందు కూర్చుని అన్నావు కదమ్మా,” అన్నాడు ఆయన, నేల చూస్తూ. “మబ్బు ఆయన నెత్తిన పడితే బాగుండునని. మూడు రోజులకి పడింది. మబ్బు ఎంత దిగిందో విన్నాను, తాడు నువ్వే కోశావని నాకు తెలుసు. ఇంకేం అనుకోను? నువ్వు చల్లగా ఉంటే చాలనుకున్నాను. అందుకే నేనే అన్నాను.”

“నన్ను అడగలేదు.”

“అడిగితే నువ్వు అవునంటావేమోనని భయమేసింది.”

గొలుసాయన టేపు జేబులో పెట్టుకున్నాడు. అయిదుకి ఇంకా పావుగంట ఉంది. తను ఇచ్చిన మాట అక్షరాలా నిలబడింది, మనిషి బయటికొచ్చాడు. బారెడాయన కట్టు కట్టిన చెయ్యి కూతురి వైపు చాచాడు. ఆమె ఆ చెయ్యి చూసింది, ఆయన మొహం చూసింది, తర్వాత కొంగు సర్దుకుని, తండ్రి కోసం ఆగకుండా గుమ్మం దాటి వెళ్ళిపోయింది.